అటోర్వాస్టాటిన్ మాత్రల రీకాల్ (2012)

అటోర్వాస్టాటిన్ మాత్రల రీకాల్ అనగా, భారతీయ ఔషధ సంస్థ రాన్‌బాక్సీ 2012 నవంబరులో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మందుల దుకాణాల నుండి 41 బ్యాచీల అటోర్వాస్టాటిన్ కాల్షియం మాత్రలను వెనక్కి రప్పించిన ఘటన. రక్తంలోని కొలెస్టరాల్‌ను తగ్గించడానికి వైద్యుని చీటీపై మాత్రమే ఇచ్చే మందు ఇది. ఆ మాత్రలలో అతి సన్నని గాజు రేణువులు ఉండవచ్చునన్నది రీకాల్‌కు కారణం. 10, 20, 40 మిల్లీగ్రాముల మాత్రలకు ఇది వర్తించింది. 80 మిల్లీగ్రాముల మాత్రలకు వర్తించలేదు. గాజు మూలంగా ఎవరికైనా హాని జరిగినట్లు అప్పటికి నివేదికలు లేవు. అయినా ఔషధాల నాణ్యతను గురించి చెప్పుకొనేటప్పుడు ఈ ఘటన తరచు ప్రస్తావనకు వస్తుంది. మందు మంచిదే అయి ఉండి తయారీలో దోషం దొర్లినప్పుడు రోగి ఏమి చేయాలి, అసలు తన చేతిలో ఉన్నది దోషమున్న బ్యాచియో కాదో అతనికి తెలిసే మార్గమేమిటి అనే ప్రశ్నలను ఇది ముందుకు తెచ్చింది.

పదాల గురించి

రీకాల్ అన్న మాటను మన పత్రికలు యథాతథంగానే వాడుతున్నాయి. ఉపసంహరణ అని వ్రాసేవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో ఆ రెంటికీ భేదం పాటించబడింది. పరీక్షలకు పంపిన ప్రశ్నపత్రాల కట్టలలో కొన్ని ప్రతులలో అచ్చు చెదిరితే ఆ ప్రతులను మాత్రమే వెనక్కి తీసుకొంటారు. ప్రశ్నలే తప్పయితే పత్రాన్నే రద్దు చేస్తారు. మొదటిది రీకాల్ వంటిది, రెండవది ఉపసంహరణ వంటిది.

ఉపసంహరణకు ఉదాహరణ కూడా స్టాటిన్ల కుటుంబంలోనే దొరుకుతుంది. జర్మనీకి చెందిన బేయర్ సంస్థ సెరివాస్టాటిన్ అనే మందును 2001 ఆగస్టులో మార్కెట్టు నుండి తొలగించింది. అది కండరాలను ఛిద్రం చేసి, ఆ శిథిల పదార్థం మూత్రపిండాలను దెబ్బ తీసే ప్రమాదం ఇతర స్టాటిన్లకంటె ఎక్కువగా కనబడింది. ఆనాటికి అమెరికాలోనే 31 మరణాలు నమోదయ్యాయి. అక్కడ దోషం మందు స్వభావంలోనే ఉంది. ఎంత శుభ్రమైన కర్మాగారంలో తయారు చేసినా అది పోయేది కాదు. 2012 నాటి రీకాల్‌లో దోషం అటోర్వాస్టాటిన్‌ది కాదు, దానిని తయారు చేసిన విధానానిది.

మందు, దాని పుట్టుక

కొలెస్టరాల్ మనం తినే ఆహారం నుండి మాత్రమే వస్తుందని చాలామంది అనుకొంటారు. అందులో అధిక భాగాన్ని శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకొంటుంది. ఈ తయారీలో ఒక కీలకమైన మెట్టు వద్ద పనిచేసే ఎంజైమును అడ్డుకొనేవి స్టాటిన్లు. కాలేయంలో తయారీ తగ్గినప్పుడు అది రక్తంలో తిరుగుతున్న చెడు కొలెస్టరాల్‌ను ఎక్కువగా లోపలికి లాగుకొంటుంది. ఫలితంగా రక్తనాళాల గోడలకు పేరుకొనేది తగ్గుతుంది.

మొట్టమొదటి స్టాటిన్‌ను జపానులో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970వ దశకంలో ఒక రకమైన బూజు నుండి వేరు చేశాడు. అప్పుడతడు సాంక్యో అనే సంస్థలో ఉద్యోగి. ఈ పేరును పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, కథ చివర మళ్ళీ వస్తుంది. అటోర్వాస్టాటిన్ అణువును 1985లో అమెరికాలోని వార్నర్-లాంబర్ట్ సంస్థలో బ్రూస్ రాత్ రూపొందించాడు. 1997 నుండి అది లిపిటార్ అనే పేరుతో విక్రయింపబడింది. 2000లో ఫైజర్ సంస్థ వార్నర్-లాంబర్ట్‌ను కొన్నది. ఆ తరువాత కొన్నేళ్ళు ప్రపంచంలో అన్నిటికన్న ఎక్కువ సొమ్ము రాబట్టిన మందు ఇదే. ఒక దశలో ఏటా సుమారు 1,300 కోట్ల డాలర్ల అమ్మకాలు ఉండేవి.

పేటెంటు హక్కులు ముగిశాక అదే అణువుతో ఇతరులు తయారు చేసే చౌక మందును జెనరిక్ అంటారు. అమెరికాలో 1984 నాటి చట్టం ప్రకారం, పేటెంటును సవాలు చేస్తూ అందరికంటె ముందు దరఖాస్తు చేసిన సంస్థకు 180 రోజులపాటు ఇతర జెనరిక్‌ల పోటీ ఉండదు. లిపిటార్ విషయంలో ఆ అవకాశం రాన్‌బాక్సీకి దక్కింది. 2011 నవంబరు 30న ఆ సంస్థ మాత్రలకు అనుమతి లభించింది. మాత్రలు న్యూజెర్సీలోని ఆ సంస్థ అనుబంధ కర్మాగారం ఓమ్ లేబొరేటరీస్‌లో తయారయ్యేవి. వాటికి కావలసిన ముడి ఔషధం, అంటే మన పరిశ్రమ భాషలో బల్క్ డ్రగ్గు, భారతదేశం నుండి వెళ్ళేది. ఏడాది తిరగకుండానే రీకాల్ వచ్చింది.

గాజు రేణువులు

రాన్‌బాక్సీ వెనక్కి రప్పించిన 41 బ్యాచీల మాత్రలు 90, 500 చొప్పున నింపిన సీసాలలో ఉండేవి. రేణువుల పరిమాణం 1 మిల్లీమీటరు కంటె తక్కువ. ఇసుక రేణువుతో పోల్చారు. ఇంత చిన్న గాజు వలన శరీరానికి హాని కలిగే అవకాశం అత్యల్పమని, ఎఫ్.డి.ఎ.గా ప్రసిద్ధమైన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తెలిపింది. గాజు ఎలా చేరిందో కనిపెట్టి సరిదిద్దేవరకు రాన్‌బాక్సీ ఈ మందు తయారీని ఆపివేసింది. 2013 ఆరంభంలో తిరిగి మొదలు పెట్టింది. అప్పటికే ఇతర సంస్థల జెనరిక్‌లు మార్కెట్టులో ఉన్నందున మందుకు కొరత ఏర్పడలేదు. 180 రోజుల గడువులోనే ఇది జరిగి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది.

మాత్రలో గాజు ఏమిటని సామాన్య పాఠకునికి ఆశ్చర్యం కలుగుతుంది. బల్క్ డ్రగ్గు కర్మాగారాలను చూసినవారికి కలగదు. రసాయన చర్యలు జరిపే పెద్ద పాత్రలలో కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలువి, కొన్ని లోపలివైపు గాజు పూత వేసిన ఉక్కువి. ఈ రెండవ రకాన్ని జీడిమెట్ల, పాశమైలారం ప్రాంతాల కార్మికులు జి.ఎల్.ఆర్. అంటారు, గ్లాస్ లైన్డ్ రియాక్టర్ అన్నమాటకు పొట్టి రూపం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటివి ఉక్కును తినివేస్తాయి గాని గాజును ఏమీ చేయలేవు. అందుకని ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన గాజును కొలిమిలో కరిగించి ఉక్కుకు అంటిస్తారు. వంటింట్లోని ఎనామెల్ గిన్నె కూడా ఇటువంటిదే. ఆ గిన్నె కింద పడితే పెచ్చు లేచినట్లే, లోపల పనిముట్టు జారి పడినా, వేడి మీద ఉన్న పాత్రలోకి ఒక్కసారిగా చల్లని ద్రవం పోసినా ఈ పూత పెచ్చులూడుతుంది. మందులోకి గాజు చేరడానికి పరిశ్రమలో తెలిసిన మార్గాలలో ఇదొకటి. అందుకే పూతను విద్యుత్తుతో అప్పుడప్పుడు పరీక్షిస్తారు, ద్రావణాన్ని వడకడతారు, పొడిని జల్లెడ పడతారు. ఈ జాగ్రత్తలలో ఒకటి తప్పినా మిగిలినవి కాపాడాలన్నది ఉద్దేశం.

తయారైన మాత్రలను పరీక్షించి గాజును పట్టుకోవచ్చు కదా అని ప్రశ్న రావచ్చు. ఒక బ్యాచిలో లక్షల మాత్రలు ఉంటాయి. పరీక్షించిన మాత్ర తిరిగి వాడడానికి పనికిరాదు గనుక కొన్నింటినే తీసి చూస్తారు. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న రేణువు ఆ కొన్నింటిలోనే పడుతుందన్న నమ్మకం లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, అన్నంలో రాయి ఉందో లేదో తెలియదు. కనుక నాణ్యత చివరి పరీక్షలో కాక, తయారీలోని ప్రతి దశలోనూ, ఆ దశలో వ్రాసిన లెక్కల నిజాయితీలోనూ ఉంటుంది.

బ్యాచి నంబరు ఎక్కడ పోతుంది?

ఈ రీకాల్‌లో ఎక్కువ చిక్కు తెచ్చినది గాజు కాదు, సీసా. అమెరికాలో మందుల దుకాణదారు పెద్ద సీసానుండి వైద్యుడు వ్రాసినన్ని మాత్రలు లెక్కపెట్టి నారింజ రంగు చిన్న డబ్బాలో పోసి ఇస్తాడు. ఆ డబ్బాపై రోగి పేరు, మందు పేరు, మోతాదు, వైద్యుని పేరు ఉంటాయి. పెద్ద సీసాపై ముద్రించిన బ్యాచి నంబరు సాధారణంగా ఆ చీటీపైకి రాదు. సంస్థ 41 బ్యాచీల సంఖ్యలను ప్రకటించింది. తన డబ్బాలోని మాత్రలు వాటిలోవో కావో తెలుసుకోవాలంటే రోగి దుకాణదారునే అడగాలి.

పైగా ఈ రీకాల్ దుకాణాల స్థాయివరకే పరిమితం. రీకాల్‌లకు లోతు అని ఒకటి ఉంటుంది. కొన్ని టోకు వర్తకుల వద్ద ఆగుతాయి, కొన్ని చిల్లర దుకాణాల వద్ద, తీవ్రమైనవి రోగి ఇంటివరకు వెళతాయి. హాని అవకాశం తక్కువని భావించినందున ఇక్కడ అరలలో మిగిలిన సీసాలు వెనక్కి వెళ్ళాయి గాని, ఇళ్ళలోని మాత్రలను తిరిగి ఇవ్వమని ఎవరూ కోరలేదు. వైద్యుడో, దుకాణదారో వద్దని చెబితే తప్ప మాత్రలను వాడుతూనే ఉండవచ్చునని ఎఫ్.డి.ఎ. రోగులకు సూచించింది. గాజు ఉండవచ్చునని ఒకవైపు చెబుతూ, వాడుతూ ఉండండని మరొకవైపు చెప్పడం చాలామందికి మింగుడు పడలేదంటే వారిని తప్పు పట్టలేము. సలహాలో తర్కం లేకపోలేదు; అది తరువాతి భాగంలో వివరించబడింది. అయితే కారణం చెప్పకుండా ఇచ్చిన సలహా కావడంతో అది నిర్లక్ష్యంగా వినిపించింది.

మందు మానివేస్తే

స్టాటిన్లు తలనొప్పి మాత్రల వంటివి కావు. వేసుకొన్న రోజున ఏమీ తెలియదు, మానిన రోజున కూడా ఏమీ తెలియదు. అందువలన భయం కలిగినప్పుడు మొదట ఆగిపోయేవి ఇటువంటి మందులే. మానివేసిన కొద్ది వారాలలో కొలెస్టరాల్ మునుపటి స్థాయికి చేరుతుంది. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి, రక్తనాళంలో స్టెంటు అమర్చినవారికి ఇది నిజమైన ప్రమాదం.

డెన్మార్కులో 1995 నుండి 2010 వరకు స్టాటిన్లు ఆరంభించిన, 40 ఏళ్ళు పైబడిన సుమారు 6.7 లక్షల మంది వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2015 చివరలో ప్రచురితమైంది. స్టాటిన్లకు వ్యతిరేకంగా వార్తలు వచ్చిన కాలాల్లో తొందరగా మందు మానివేసినవారి సంఖ్య పెరిగినట్లు, అలా మానివేసినవారిలో గుండెపోట్లు, గుండె జబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. రీకాల్ వార్తలపై ప్రత్యేకంగా జరిగిన అధ్యయనం కాదిది. అయినా ఇసుక రేణువంత గాజు కలిగించే హానిని, మందు ఆపివేయడం కలిగించే హానిని తూచినప్పుడు ముల్లు ఎటు మొగ్గుతుందో దీనివలన తెలుస్తుంది. సరైన మార్గం మందు మానడం కాదు, అదే మందును వేరొక బ్యాచి నుండి గాని, వేరొక సంస్థ నుండి గాని తీసుకోవడం. అది ఒక్కరోజు పని.

రాన్‌బాక్సీ

1937లో అమృత్‌సర్‌లో రణబీర్ సింగ్, గుర్‌బక్ష్ సింగ్ అనే ఇద్దరి పేర్ల కలయికతో ఏర్పడిన సంస్థ ఇది. భారతీయ మందుల సంస్థలు ప్రపంచ మార్కెట్టులో నిలబడగలవని చాటినవాటిలో ముందువరుసలోనిది. ఆ గౌరవాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని గాజు ఘటన ఒంటరిగా వచ్చినది కాదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని పాంవ్‌టా సాహిబ్, మధ్యప్రదేశ్‌లోని దేవాస్ కర్మాగారాల నుండి 30కి పైగా మందుల దిగుమతిని ఎఫ్.డి.ఎ. 2008లోనే నిలిపివేసింది. 2005లో సంస్థను విడిచిన దినేష్ ఠాకూర్ అనే ఉద్యోగి, పరీక్షల ఫలితాలు కల్పించబడుతున్నాయని అమెరికా అధికారులకు తెలిపాడు. సుదీర్ఘమైన దర్యాప్తు తరువాత 2013 మే నెలలో రాన్‌బాక్సీ అమెరికా విభాగం నేరం అంగీకరించి, మొత్తం 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. అక్కడి చట్టం ప్రకారం ఠాకూర్‌కు అందులో 4.8 కోట్ల డాలర్లకు పైగా లభించాయి. ఇక్కడ ఒక పొరపాటును సవరించవలసి ఉంది. ఈ జరిమానా గాజు రేణువులకు పడినదని కొందరు వ్రాస్తుంటారు. అది నిజం కాదు. నేరాంగీకారంలోని మందులు వేరు, అటోర్వాస్టాటిన్ అందులో లేదు.

2014 జనవరిలో పంజాబులోని తోయాన్సా బల్క్ డ్రగ్గు కర్మాగారం నుండి కూడా అమెరికాకు సరఫరా నిషేధింపబడింది. పరీక్షలో తప్పిన ముడి పదార్థాలను, మందులను అనుకూలమైన ఫలితం వచ్చేవరకు తిరిగి తిరిగి పరీక్షించి, తప్పిన సంగతిని నమోదు చేయలేదని తనిఖీ అధికారులు గుర్తించారు. ఏ విద్యార్థి అయినా ఇలాగే ఉత్తీర్ణుడు కావచ్చు! గాజుకంటె ఆందోళనకరమైనది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గాజు ఉన్నదని సంస్థ కనిపెట్టి చెప్పింది కనుక రీకాల్ సాధ్యమైంది. తప్పిన పరీక్షను వ్రాయకపోతే రీకాల్ అన్నదే ఉండదు.

2008లో రాన్‌బాక్సీలో అధిక వాటాను జపాను సంస్థ దైచీ సాంక్యో కొన్నది. తొలి స్టాటిన్‌ను కనిపెట్టిన అకిరా ఎండో పనిచేసిన సాంక్యోయే, 2005లో దైచీతో కలిసి ఈ సంస్థ అయింది. స్టాటిన్ల పుట్టినింటికి స్టాటిన్‌తోనే తలవంపులు వచ్చాయన్నమాట. దర్యాప్తు తీవ్రతను దాచి వాటాలు అమ్మారని దైచీ సాంక్యో పాత యజమానులపై ఫిర్యాదు చేయగా, 2016లో సింగపూరు మధ్యవర్తి మండలి దైచీకి అనుకూలంగా సుమారు 2,562 కోట్ల రూపాయల తీర్పు ఇచ్చింది. 2015 మార్చిలో రాన్‌బాక్సీ సన్ ఫార్మాలో విలీనమైంది.

ఇదే మందు, ఇతర రీకాల్‌లు

అటోర్వాస్టాటిన్ వెనక్కి రావడం 2012తో మొదలు కాలేదు, దానితో ముగియనూ లేదు. 2010 ఆగస్టులో ఫైజర్ తన లిపిటార్ సీసాలు సుమారు 1,40,000 వెనక్కి రప్పించింది. తరువాతి నెలల్లో మరికొన్ని వచ్చాయి. కారణం ముక్క వాసన. కలపతో చేసిన దిమ్మెలు చెడిపోకుండా వాటికి పూసే బ్రోమిన్ రసాయనంపై బూజు పెరిగితే ఘాటైన వాసనగల మరొక పదార్థం పుడుతుంది. ఖాళీ సీసాలు దానిని పీల్చుకొన్నాయి. జెనరిక్ అయితేనే దోషం, అసలు మందు అయితే కాదు అని భావించేవారు ఈ ఉదాహరణను గమనించాలి.

2014 మార్చిలో రాన్‌బాక్సీయే మరి 64,000కు పైగా సీసాలను వెనక్కి తీసుకొంది. 10 మిల్లీగ్రాముల సీసాలో 20 మిల్లీగ్రాముల మాత్ర ఉన్నట్లు ఒక దుకాణదారు గుర్తించడమే దీనికి మూలం. ఎఫ్.డి.ఎ. దీనిని రెండవ తరగతిలో చేర్చింది. ప్రాణాపాయం కలిగించగలవి మొదటి తరగతి, తాత్కాలికమైన లేదా నయం కాగల హాని కలిగించగలవి రెండవది, హాని చేయకపోయినా నియమాన్ని మీరినవి మూడవది.

2025 సెప్టెంబరులో భారతదేశపు ఆల్కెమ్ సంస్థ తయారు చేయగా అమెరికాలో అసెండ్ లేబొరేటరీస్ విక్రయించిన 1,40,000కు పైగా సీసాల అటోర్వాస్టాటిన్ రీకాల్ అయింది. ఇది కూడా రెండవ తరగతిదే. ఈసారి లోపం కరగడంలో ఉంది. మాత్రను శరీరపు వేడిగల, అంటే 37 డిగ్రీల ద్రవంలో వేసి, తెడ్డుతో తిప్పుతూ, నిర్ణీత సమయంలో ఎంత మందు ద్రవంలో కలిసిందో కొలుస్తారు. మొదట 6 మాత్రలతో ఈ పరీక్ష జరుగుతుంది. మాత్రలో మందు పూర్తిగానే ఉన్నా, కరగకపోతే రక్తంలోకి తగినంత చేరదు. గాజు కనబడే దోషం, ఇది కనబడని దోషం. రోగికి ఏ బాధా ఉండదు, కొలెస్టరాల్ మాత్రం తగ్గదు. మోతాదు చాలలేదని వైద్యుడు పెంచవచ్చు కూడా.

భారతదేశంలో

హైదరాబాదుకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. ఐ.డి.పి.ఎల్. కర్మాగారం వచ్చినప్పటి నుండి ఈ నగరం బల్క్ డ్రగ్గులకు కేంద్రం. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ కూడా, రాన్‌బాక్సీ గడువు ముగిసిన తరువాత 2012 మధ్యలో అమెరికాలో అటోర్వాస్టాటిన్ విడుదల చేసింది.

మన దేశంలో మందుల నాణ్యతకు ఆధారం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2012లో రీకాల్‌కు మార్గదర్శకాలు వెలువరించింది. మొదటి తరగతి అయితే 24 నుండి 72 గంటలలో, రెండవది 10 రోజులలో, మూడవది 30 రోజులలో సరుకు వెనక్కి రావాలి. ప్రమాణాలకు తగని మందుల పట్టికను ఆ సంస్థ నెలనెలా బ్యాచి నంబర్లతో సహా ప్రకటిస్తుంది. పత్రికలలో దీనిపై వచ్చే వార్తలలో మందు పేరు పెద్దక్షరాలలో ఉంటుంది గాని, బ్యాచి నంబరు తరచు ఉండదు. పైన చెప్పిన భయం పుట్టేది ఇక్కడనే.

మన దగ్గర మాత్రలు స్ట్రిప్పులలో వస్తాయి, వాటిపై బ్యాచి నంబరు, గడువు తేదీ ముద్రించి ఉంటాయి. ఈ విషయంలో అమెరికా డబ్బాకంటె మన స్ట్రిప్పే మేలు, పూర్తి స్ట్రిప్పు కొన్నంతవరకు. నాలుగైదు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు నంబరున్న ముక్క దుకాణంలోనే మిగిలిపోవచ్చు. అటువంటప్పుడు ఆ నంబరు దొరికే చోటు దుకాణదారు ఇచ్చే బిల్లు. మందు పేరు ఉన్న వరుసలోనే తయారీ సంస్థ పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ అందులో ఉంటాయి.